మిడ్‌వెస్ట్ చిన్న ఊళ్లు

అమెరికా జనగణన శాఖ లెక్కలో మిడ్‌వెస్ట్ అంటే పన్నెండు రాష్ట్రాలు: ఒహాయో, ఇండియానా, ఇల్లినాయ్, మిషిగన్, విస్కాన్సిన్, మిన్నెసోటా, అయోవా, మిస్సోరీ, నార్త్ డకోటా, సౌత్ డకోటా, నెబ్రాస్కా, కాన్సస్. షికాగో, డెట్రాయిట్, కొలంబస్, మినియాపొలిస్ ఈ ప్రాంతపు నగరాలే. బంధువులో స్నేహితులో ఉండటం వల్ల తెలుగువారికి ఆ పేర్లు బాగా తెలుసు. నగరాల నడుమ ఉన్న మొక్కజొన్న, సోయా చేలు మాత్రం చాలామందికి విమానం కిటికీలోంచి కనబడే గళ్ల దుప్పటి. ఆ గళ్లలో వేలాది చిన్న ఊళ్లున్నాయి. వాటిలో ఎక్కువభాగం ఒకే కొలబద్దతో గీసి పెట్టినవి. అందుకే చూడదగ్గ ఊరును గుర్తుపట్టడానికి కొండలూ కోటలూ వెతికితే ప్రయోజనం లేదు. వచ్చి స్థిరపడినవాళ్లు వదలకుండా పట్టుకున్నది ఏమిటని అడగాలి. ఒక ఊళ్లో అది మతం, ఇంకో ఊళ్లో విత్తనం, మరో ఊళ్లో పురికొస.

గళ్లు గీసిన నేల

1785 నాటి భూమి చట్టం ఒహాయో నది అవతలి నేలను ఎలా కొలవాలో నిర్ణయించింది. ఆరు మైళ్ల పొడవు, ఆరు మైళ్ల వెడల్పు ఉన్న చదరం ఒక టౌన్‌షిప్. అందులో 36 సెక్షన్లు, సెక్షనుకు 640 ఎకరాలు. సెక్షన్ల సరిహద్దు గీతల మీదే తర్వాత బాటలు పడ్డాయి. మైలుకొక రోడ్డు అడ్డంగా రావడం, ప్రతి మలుపూ గీత గీసినట్టు లంబకోణంలో తిరగడం అందువల్లే. 1862 నాటి హోమ్‌స్టెడ్ చట్టం సెక్షనులో పావు వంతును, అంటే 160 ఎకరాలను, అయిదేళ్లు అక్కడే ఉండి సాగుచేసిన కుటుంబానికి కొద్దిపాటి రుసుముతో పట్టా చేసింది.

రైలు ఆ గళ్లలో చుక్కలు పెట్టింది. ఆవిరి ఇంజనుకు దారిలో నీళ్లు కావాలి. రైతు బండి ధాన్యం దించి పొద్దుగూకేలోగా ఇల్లు చేరాలి. ఈ రెండు లెక్కలూ కలిపి రైలు కంపెనీలు కొద్ది మైళ్లకొక స్టేషను పెట్టి, పక్కనే ఊరు గీసి, స్థలాలు అమ్మాయి. కౌంటీ కేంద్రాల వెనుకా ఇలాంటి లెక్కే ఉంది. గుర్రపు బండిలో పొద్దున వెళ్లి, కోర్టు పని చూసుకుని, రాత్రికి తిరిగి రాగలగాలి. ఒక్క అయోవాలోనే 99 కౌంటీలు ఉండటానికి కారణం అదే. నడుమ కోర్టు భవనం, దాని చుట్టూ నాలుగు వీధుల దుకాణాలు: వందల ఊళ్లకు ఇదే నమూనా.

మన వైపు ఊరు దగ్గరపడిందని గుడి గోపురమో తాటితోపో చెబుతుంది. ఇక్కడ ఆ పని గ్రెయిన్ ఎలివేటర్‌ది. ధాన్యాన్ని పైకి తోడి నిలవచేసే కాంక్రీటు గాదెల వరస అది, ఆరేడు మైళ్ల దూరం నుంచే కనిపిస్తుంది. ఆ తర్వాత నీళ్ల ట్యాంకు, దాని మీద ఊరి పేరు.

లెక్కతో పుట్టిన ఊళ్లను లెక్కే దెబ్బతీసింది. యంత్రాలు వచ్చాక అంతే నేలకు కొద్దిమంది రైతులు సరిపోయారు. 1956 తర్వాత వేసిన అంతర్రాష్ట్ర రహదారులు పాత బజార్లను పక్కకు వదిలేశాయి. 1980లలో వడ్డీలు పెరిగి, భూమి ధరలు పడిపోయి, వేల కుటుంబాలు పొలాలు పోగొట్టుకున్నాయి. రెండు మూడు ఊళ్ల బళ్లను కలిపి ఒకటి చేశారు. మూసిన దుకాణాల అద్దాలు కొన్ని ఊళ్లలో ఇప్పటికీ మెయిన్ స్ట్రీట్ పొడవునా కనిపిస్తాయి. వాటిని చూడకుండా దాటిపోయే యాత్ర అసంపూర్ణమే.

గళ్లకు ముందు ఇక్కడ జనమూ, నిలువెత్తు గడ్డీ ఉండేవి. అయోవా గడ్డి మైదానంలో ఇప్పుడు వెయ్యో వంతు కూడా మిగల్లేదు. జనంలో మెస్క్వాకీ ఆదివాసుల కథ ప్రత్యేకమైనది. తమను పంపేసిన నేలకు తిరిగివచ్చి, 1857లో టామా దగ్గర సొంత సొమ్ముతో 80 ఎకరాలు కొన్నారు. కొంటూ కొంటూ దాన్ని 8,000 ఎకరాలు దాటించారు. ప్రభుత్వం కేటాయించిన రిజర్వేషన్ కాదు కాబట్టి దాన్ని సెటిల్‌మెంట్ అనే పిలుస్తారు. ఏటా ఆగస్టులో వాళ్ల పౌవౌ, అంటే నృత్యాల పండుగ, జరుగుతుంది, బయటివారూ వెళ్లవచ్చు. టామా ఊళ్లోనే 1915లో కట్టిన చిన్న వంతెన ఒకటుంది. దాని కాంక్రీటు పిట్టగోడే అక్షరాలుగా మలిచి ‘లింకన్ హైవే’ అని రాశారు. అమెరికాను ఈ చివర నుంచి ఆ చివరకు కలిపిన తొలి మోటారు దారి పేరు అది.

నమ్మకం వెంట వచ్చిన ఊళ్లు

తూర్పు అయోవాలోని అమానా ఏడు ఊళ్ల కూటమి. జర్మనీలో ప్రభుత్వ చర్చితో పడక, కమ్యూనిటీ ఆఫ్ ట్రూ ఇన్‌స్పిరేషన్ అనే భక్తబృందం క్రిస్టియన్ మెట్స్ నాయకత్వంలో 1840లలో న్యూయార్క్ రాష్ట్రానికి, అక్కడ నేల చాలక 1855లో అయోవాకు వచ్చింది. సుమారు 26,000 ఎకరాలు, మిల్లులు, పశువులు, ఇళ్లు అన్నీ ఉమ్మడి ఆస్తి. జీతాల్లేవు. ఇళ్లలో వంటిళ్లూ లేవు. ఏడు ఊళ్లలో యాభైకి పైగా ఉమ్మడి వంటశాలలు ఉండేవి, ఒక్కోదానిలో ముప్ఫై నలభై మందికి వండేవారు. తోటపని నుంచి ఊరగాయల దాకా ఆ వంటశాలల భారమంతా ఆడవాళ్లదే. మిడిల్ అమానాలో అలాంటి వంటశాల ఒకదాన్ని యథాతథంగా నిలిపి ఉంచారు. ఇటుక పొయ్యి, పొడవాటి రాగి తొట్టి, వరసగా బల్లలు చూస్తే అమానా చరిత్ర పుస్తకంలో కన్నా బాగా అర్థమవుతుంది.

1932లో జనం ఓటువేసి ఉమ్మడి బతుకును వదులుకున్నారు. దాన్ని వాళ్లు ‘గ్రేట్ చేంజ్’ అంటారు. భూమి, వ్యాపారాలు వాటాల కంపెనీ కిందికి వెళ్లాయి, చర్చి వేరుగా నిలిచింది. రెండేళ్లకు జార్జ్ ఫర్స్‌ట్నర్ అనే యువకుడు శీతల యంత్రాల పని మొదలుపెట్టాడు. అమానా రిఫ్రిజరేటర్ల పుట్టుక అది. 1967లో ఇంటి బల్ల మీద పెట్టుకునే మైక్రోవేవ్ ‘రాడారేంజ్’ ఈ పేరుతోనే బజారుకు వచ్చింది. ఊరంతటికీ కలిసి వండిన చోటి నుంచే, ఒక్క మనిషికి ఒక్క గిన్నె వేడిచేసే యంత్రం లోకంలోకి వెళ్లిందన్నమాట. అమానా ఉన్ని మిల్లు ఇప్పటికీ నడుస్తోంది.

అక్కడి నుంచి నైరుతిగా ఉన్న పెల్లా 1847లో హెండ్రిక్ స్కోల్టె వెంట వచ్చిన డచ్చివారి ఊరు. మే నెల తులిప్ పండుగకు జనం కిక్కిరిసిపోతారు. పిండి మర ఆడించే ఎత్తైన గాలిమర ఉంది. బాదం ముద్ద నింపిన ‘ఎస్’ ఆకారపు డచ్ లెటర్స్ తినకుండా ఎవరూ వెనక్కి రారు. ముఖద్వారాల అలంకారం కొంత పర్యాటకుల కోసం చేసిందే అయినా, బేకరీ ముందు నిలబడే వరసలో ఊరివాళ్లే ఎక్కువ.

భారతీయ ప్రయాణికుడిని ఎక్కువసేపు నిలబెట్టే ఊరు ఫెయిర్‌ఫీల్డ్. తొమ్మిది వేల పైచిలుకు జనం. 1973లో ఇక్కడి పార్సన్స్ కాలేజీ అప్పులపాలై మూతపడింది. మరుసటి ఏడాది మహర్షి మహేష్ యోగి అనుచరులు ఆ ప్రాంగణాన్ని కొని, కాలిఫోర్నియాలో నడుస్తున్న తమ విశ్వవిద్యాలయాన్ని ఇక్కడికి తెచ్చారు. మొక్కజొన్న చేల మధ్య రెండు బంగారు రంగు గుమ్మటాలు లేచాయి. ఒకటి మగవారికి, ఒకటి ఆడవారికి, రెండూ సామూహిక ధ్యానం కోసమే. విశ్వవిద్యాలయపు కంప్యూటర్ సైన్స్ కోర్సుకు ఆసియా, ఆఫ్రికా దేశాల నుంచి ఉద్యోగానుభవం ఉన్న విద్యార్థులు వస్తారు. ఊరి బయట 2001లో మహర్షి వేదిక్ సిటీ అనే వేరే పురపాలికే ఏర్పడింది. అక్కడి ఇళ్లన్నిటికీ తూర్పు వాకిలి, నడుమ బ్రహ్మస్థానం, కప్పు మీద కలశం. వాస్తు కోసం గోడ పడగొట్టి గుమ్మం మార్చుకున్న ఇళ్లు తెలుగునాట ఎన్నో ఉన్నా, వాస్తునే ఊరి నిబంధన చేసుకున్న పురపాలికను అయోవాలో చూడటం వింత అనుభవం. విశ్వవిద్యాలయం పార్సన్స్ కాలం నాటి కొన్ని పాత కట్టడాలను తీసేసినప్పుడు ఊరి పాత కుటుంబాలు బాధపడ్డాయి. ఆ బాధ న్యాయమైనదే. అయినా యాభై ఏళ్లు గడిచేసరికి రైతులూ ధ్యానులూ ఒకే చౌరస్తాలో వ్యాపారాలు చేసుకుంటున్నారు, ఒకే నగరపాలకుల్ని ఎన్నుకుంటున్నారు.

రెండు విత్తనాలు, ఇరవై మైళ్లు

ఈశాన్య అయోవాలోని డెకొరా నార్వే నుంచి వచ్చినవారి ఊరు. వెస్టర్‌హైమ్ మ్యూజియంలో వాళ్లు ఓడల్లో తెచ్చుకున్న పెట్టెలు, కొయ్య మీద పూలు రాసిన గిన్నెలు ఉన్నాయి. దానికన్నా ముఖ్యమైనది ఊరి బయటి సీడ్ సేవర్స్ ఎక్స్ఛేంజ్. డయాన్ ఆట్ వీలీ, కెంట్ వీలీ దంపతులు 1975లో దీన్ని ప్రారంభించారు. డయాన్ తాతగారు ఆమెకు రెండు విత్తనాలు ఇచ్చారు. ఒకటి ఊదారంగు మార్నింగ్ గ్లోరీ తీగ, ఒకటి గులాబీ రంగు టమాటా. రెండూ వాళ్ల పెద్దలు బవేరియా నుంచి తెచ్చినవి. ఆయన పోయాక, తాను నాటకపోతే ఆ వంగడాలు ఆయనతోనే పోతాయని ఆమెకు అర్థమైంది. అలా మొదలైన పని ఇప్పుడు 890 ఎకరాల క్షేత్రం, ఇరవై వేలకు పైగా రకాల సేకరణ. సభ్యులు తమ పెరటి విత్తనాలను ఒకరికొకరు పంచుకుంటారు. తాత పేరు మీదున్న ఆ ఊదా పూలు ఎర్రటి పశువుల కొట్టం గోడ మీద ఇప్పటికీ పాకుతాయి.

అక్కడికి ఇరవై మైళ్ల దూరంలో క్రెస్కో. ఆ ఊరి దగ్గరి పొలంలో 1914 మార్చి 25న నార్మన్ బోర్లాగ్ పుట్టాడు. మెక్సికోలో ఆయన పెంచిన పొట్టి గోధుమ వంగడాలే హరిత విప్లవానికి మూలం. 1966లో భారతదేశం ఆ విత్తనం 18,000 టన్నులు దిగుమతి చేసుకుంది. 1970లో ఆయనకు నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. ఆయన పెరిగిన ఇల్లు, చదివిన ఒంటిగది బడి రెండూ కాపాడి ఉంచారు. గోధుమలో బోర్లాగ్ చేసినట్టి మార్పునే వరిలో ఫిలిప్పీన్స్‌లో పుట్టిన ఐఆర్8 తెచ్చింది. 1967లో దాన్ని పండించి దేశానికి చూపించినవాడు పశ్చిమ గోదావరి జిల్లా ఆచంట రైతు నెక్కంటి సుబ్బారావు.

ఒక రోజులో రెండు చోట్లూ చూడవచ్చు, చూడాలి కూడా. ఆకలి తీర్చిన విత్తనం ఒక దిక్కున పుట్టింది. అలాంటి విత్తనాల వెల్లువలో కనుమరుగయ్యే పాత రకాల్ని పోగుచేసే చోటు ఇంకో దిక్కున ఉంది. మొలగొలుకులు, కృష్ణకాటుకలు, అక్కుళ్ల పేర్లు పెద్దల నోట మాత్రమే విన్న తెలుగు పాఠకుడికి ఈ ఇరవై మైళ్లూ పరాయి కథ కాదు.

సీసం తవ్విన కొండలు

మిడ్‌వెస్ట్ అంతా చదునే అనుకునేవారికి జవాబు డ్రిఫ్ట్‌లెస్ ప్రాంతం. హిమయుగంలో చుట్టుపక్కల నేలను చదును చేసిన మంచు పలకలు మిసిసిపీ నది ఎగువన ఉన్న ఈ భాగాన్ని తాకలేదు. అందువల్ల లోయలు, రాతి గుట్టలు, వంకర దారులు మిగిలాయి. సీసమూ మిగిలింది.

ఇల్లినాయ్‌లోని గలీనా పేరే సీసపు ఖనిజం పేరు. పందొమ్మిదో శతాబ్దం నడుమ నదీ రేవుగా వెలిగిన ఊరు, నది పూడిపోయి, రైలు దారి మారి, చిక్కిపోయింది. ఇప్పుడు మూడు వేల చిల్లర జనం. డబ్బులేక కొత్తవి కట్టలేదు కాబట్టి పాత ఇటుక వీధి చెక్కుచెదరలేదు. యులిసిస్ గ్రాంట్ 1860లో తండ్రి తోలు దుకాణంలో పనికి ఇక్కడికొచ్చి, అంతర్యుద్ధంలో సేనాధిపతి అయ్యాడు. ఊరు ఆయనకిచ్చిన ఇల్లు చూడటానికి జనం బారులు తీరతారు. దిగువ వీధిలోని పాత పోస్టాఫీసు కట్టడానికి వచ్చిన ఇంజనీరు ఈలీ పార్కర్‌ను మాత్రం తక్కువమంది తలుచుకుంటారు. ఆయన సెనెకా జాతి ఆదివాసి. గ్రాంట్‌తో స్నేహం ఇక్కడే కుదిరింది. 1865లో అపొమాటాక్స్‌లో దక్షిణాది సేన లొంగుబాటు షరతుల తుది ప్రతి పార్కర్ చేతిరాతలోనే ఉంది.

విస్కాన్సిన్‌లోని మినరల్ పాయింట్‌కు ఇంగ్లండులోని కార్న్‌వాల్ నుంచి గని కార్మికులు వచ్చారు. వాళ్ల సున్నపురాతి ఇళ్లు శిథిలమవుతుంటే బాబ్ నీల్, ఎడ్గర్ హెలమ్ అనే ఇద్దరు స్నేహితులు 1935 నుంచి ఒక్కొక్కటే కొని బాగుచేశారు. ఖర్చుల కోసం వాళ్లు వడ్డించిన పాస్టీలు ఇప్పటికీ ఊళ్లో దొరుకుతాయి. ఆకారం మన కజ్జికాయదే, పరిమాణం అరచేతికి మించి, లోపల మాంసం, బంగాళాదుంప. గనిలోకి జేబులో వేసుకుపోయే భోజనం అది. ఆ పాత ఇళ్ల సముదాయం పెండార్విస్ పేరుతో ఇప్పుడు రాష్ట్ర చారిత్రక స్థలం. దగ్గరలోనే 1845లో స్విస్ వలసదారులు పెట్టిన న్యూ గ్లారస్, ఫ్రాంక్ లాయిడ్ రైట్ ఇల్లు టాలీసిన్ ఉన్న స్ప్రింగ్ గ్రీన్ ఉన్నాయి.

పుస్తకాల్లోకి ఎక్కిన ఊళ్లు

నెబ్రాస్కాలోని రెడ్ క్లౌడ్‌లో వెయ్యిలోపే జనం. నవలా రచయిత్రి విల్లా కేథర్ తొమ్మిదేళ్ల పిల్లగా 1883లో వర్జీనియా నుంచి ఈ జిల్లాకు వచ్చింది. చెట్టు నీడలేని నేల, చెక్, స్వీడిష్, జర్మన్ మాటలు ఆమెకు జీవితమంతటికీ సరిపడా కథలిచ్చాయి. ఊరి పేర్లు మార్చి ఆమె నవలల్లో రాసుకున్నది ఈ వీధులే. వాళ్లు అద్దెకున్న ఇల్లు, 1885 నాటి ఒపేరా హౌస్, ‘మై ఆంటొనియా’ నాయికకు మూలమైన చెక్ రైతు స్త్రీ ఇల్లు అన్నీ చూపిస్తారు. ఊరికి దక్షిణాన ఎన్నడూ దున్నని 612 ఎకరాల గడ్డినేలను ఆమె పేరున ఉంచారు. సాయంత్రపు గాలికి ఆ గడ్డి అలల్లా కదులుతున్నప్పుడు అక్కడ నిలబడితే, వలస వచ్చినవాళ్లు ఆ తొలి రోజుల్లో ఎందుకంత భయపడ్డారో తెలుస్తుంది.

మిన్నెసోటాలోని సాక్ సెంటర్‌ది మరో రకం అనుభవం. అక్కడ పుట్టిన సింక్లెయిర్ లూయిస్ 1920లో ‘మెయిన్ స్ట్రీట్’ నవల రాసి, చిన్న ఊళ్ల ఇరుకు మనసును దేశం ముందు నిలబెట్టాడు. ఊరివాళ్లు నొచ్చుకున్నారు. 1930లో ఆయన నోబెల్ సాహిత్య బహుమతి పొందిన తొలి అమెరికన్ అయ్యాడు. కాలక్రమంలో ఆ ఊరు తన వీధికి ‘ఒరిజినల్ మెయిన్ స్ట్రీట్’ అని బోర్డు పెట్టుకుంది, హైస్కూలు జట్లకు మెయిన్‌స్ట్రీటర్స్ అని పేరు పెట్టుకుంది. లూయిస్ చితాభస్మం ఆ ఊరి శ్మశానంలోనే ఉంది.

కాన్సస్ మైదానం

ఉత్తర కాన్సస్‌లో చెట్లు లేక కంచె గుంజలను రాతితో చేశారు. తవ్వినప్పుడు మెత్తగా ఉండి, గాలి తగిలాక గట్టిపడే సున్నపురాయి అది. తాండూరు, బేతంచెర్ల వైపు నాపరాయి బండలు నిలబెట్టి కట్టిన దడులు చూసినవారికి ఆ రోడ్లు ఇంటి దారిలా ఉంటాయి. ఆ నేలలోని లూకస్ అనే చిన్న ఊళ్లో శామ్యూల్ డిన్స్‌మూర్ 1907లో, అరవై దాటాక, సున్నపురాతి దూలాలను దుంగల్లా పేర్చి ఇల్లు కట్టాడు. ఆపై చుట్టూ సిమెంటుతో ‘గార్డెన్ ఆఫ్ ఈడెన్’ మొదలుపెట్టాడు. ఆదాము, అవ్వ, పాములు ఒకవైపు. మరోవైపు శ్రామికుణ్ణి శిలువ వేస్తున్న బ్యాంకరు, లాయరు, డాక్టరు, మతబోధకుడు. రైతుల పాపులిస్టు రాజకీయాలు ఇంత సూటిగా శిల్పమైన చోటు ఇంకోటి లేదు. డిన్స్‌మూర్ కూడా అక్కడే, తాను కట్టుకున్న సమాధిలో గాజు మూత కింద ఉన్నాడు.

పడమరగా వెళితే నికోడెమస్. అంతర్యుద్ధం తర్వాత బానిసత్వం నుంచి విడుదలైన నల్లజాతి కుటుంబాలు కెంటకీ నుంచి 1877లో వచ్చి పెట్టిన ఊరు. కలప లేక మొదట నేలలో గుంతలు తవ్వుకుని ఉన్నారు. తొలి చలికాలంలో వేట నుంచి తిరిగివెళ్తున్న ఓసేజ్ ఆదివాసులు తిండి పంచారు. రైలు వస్తుందని ఊరంతా ఎదురుచూస్తే, 1888లో అది నదికి అవతల నుంచి పోయింది. ఆ తర్వాత జనం చెదిరిపోయారు. ఇప్పుడు శాశ్వత నివాసులను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. అయినా ఏటా జూలై చివర్లో దేశం నలుమూలల నుంచి ఆ కుటుంబాల మనవలు, మునిమనవలు వచ్చి పండుగ చేసుకుంటారు. చర్చిలు, హోటలు, బడి, టౌన్‌షిప్ హాలు అనే అయిదు కట్టడాలతో 1996లో ఇది జాతీయ చారిత్రక స్థలమైంది. ఈ వ్యాసంలోని ఊళ్లలో ఒక్కటే చూసే వీలుంటే ఇదే చూడాలి.

తెలుగు విద్యార్థుల ఊరు

మిస్సోరీలోని వారెన్స్‌బర్గ్‌కు తెలుగువారు యాత్రికులుగా కాక విద్యార్థులుగా వెళ్తారు. అక్కడి యూనివర్సిటీ ఆఫ్ సెంట్రల్ మిస్సోరీలో, మేరీవిల్‌లోని నార్త్‌వెస్ట్ మిస్సోరీ స్టేట్‌లో ఇటీవలి ఏళ్లలో తెలుగు రాష్ట్రాల పిల్లలు పెద్ద సంఖ్యలో చేరారు. వారెన్స్‌బర్గ్ కోర్టు ముందు ఓల్డ్ డ్రమ్ అనే కుక్క విగ్రహం ఉంది. 1869లో పొరుగునున్న సొంత బావమరిది దాన్ని కాల్పించాడని యజమాని దావా వేశాడు. 1870 విచారణలో జార్జ్ వెస్ట్ అనే లాయరు సాక్ష్యాల జోలికి పోకుండా కుక్క విశ్వాసం గురించే మాట్లాడాడు. జూరీ యజమానికి 50 డాలర్లు ఇప్పించింది. వెస్ట్ తర్వాత సెనేటరయ్యాడు. ఆ వాదన జరిగిన పాత కోర్టు గది మ్యూజియంగా ఉంది.

దారి విషయాలు

మే నుంచి అక్టోబరు దాకా అనువైన కాలం. చలికాలంలో చిన్న మ్యూజియాలు చాలావరకు మూసి ఉంటాయి, మంచు తుఫానుకు రోడ్లూ మూసేస్తారు. వసంతంలో టోర్నడో సైరన్ మోగితే నేలమాళిగలోకి వెళ్లాలి. అక్టోబరు, నవంబరు సంధ్యవేళ జింకలు రోడ్డుకు అడ్డం వస్తాయి. విస్కాన్సిన్ కౌంటీ రోడ్లకు అంకెలుండవు, అక్షరాలే పేర్లు. మోటారు బండ్లు నడపని ఆమిష్ మతస్థుల కుటుంబాలున్న చోట గుర్రపు బగ్గీల వెనుక నెమ్మదించాలి, వాళ్ల ముఖాలకు ఫొటోలు తీయకూడదు. శాకాహారికి కాఫీ హోటళ్లలో గుడ్లు, బంగాళాదుంప, పండ్ల పై తప్ప పెద్దగా దొరకదు. విస్కాన్సిన్‌లో తాజా చీజ్ కర్డ్స్ పంటి కింద కీచుమంటాయి. జూలై, ఆగస్టుల్లో రోడ్డు పక్క తీపి మొక్కజొన్న పొత్తులు బల్ల మీద పెట్టి, అమ్మేవాళ్లు లేకుండా డబ్బా ఒకటి ఉంచుతారు. డబ్బులు అందులో వేయాలి. మోటెళ్లలో పెద్ద వాటా గుజరాతీ కుటుంబాలది. పొలాల రోడ్డు మీద ఎదురొచ్చే డ్రైవరు స్టీరింగు మీద నుంచి ఒకటి రెండు వేళ్లు ఎత్తితే అది పలకరింపు. తిరిగి ఎత్తాలి.

పురికొస ఉండలు

గడ్డిమోపులు కట్టే పురికొస పొలాల్లో ఎక్కడ చూసినా మిగిలేది. మిన్నెసోటాలోని డార్విన్‌లో ఫ్రాన్సిస్ జాన్సన్ అనే రైతు 1950లో దాన్ని ఉండగా చుట్టడం మొదలుపెట్టి 29 ఏళ్లు చుట్టాడు. ఉండ అడ్డుకొలత పన్నెండడుగులు, బరువు 17,400 పౌన్లు. ఒక్క మనిషి చుట్టినవాటిలో అదే పెద్దది. ఆయన పోయాక ఊరు దాన్ని అద్దాల మంటపంలో పెట్టుకుంది.

కాన్సస్‌లోని కాకర్ సిటీలో ఫ్రాంక్ స్టోబర్ 1953లో మొదలుపెట్టిన ఉండ ఆయన మరణంతో ఆగలేదు. ఏటా ఆగస్టులో ఊరంతా చేరి ఇంకా చుడుతుంది, కాబట్టి అది ఏటికేడు పెరుగుతూనే ఉంది. మెయిన్ స్ట్రీట్ పక్కన పైకప్పు కింద, గోడలు లేకుండా ఉంటుంది. ఊరివాళ్లకు ముందుగా చెబితే వచ్చినవారి చేతికీ ఒక పురికొస చుట్ట ఇస్తారు. దాని కొసను పాత కొసకు ముడివేసి, ఉండ చుట్టూ తిరుగుతూ చుట్టాలి.